మొక్కు లేని ప్రయాణం

మా బావమరిది తన సేఠ్‌కి అబద్ధం చెప్పాడు. చెప్పమన్నది నేనే. ముప్పై ఏళ్ళకు పైగా హేతువాద సంఘంలో సభ్యుణ్ణి. దేవుడి పేరు మీద ఏ పనీ చెయ్యను, చెయ్యనివ్వను అని నలుగురికీ చెప్పుకు తిరిగేవాణ్ణి. అటువంటివాణ్ణి ఒక మరమగ్గాల కార్మికుడితో "ఉనాయి మాతకు మొక్కు ఉందని చెప్పు, సెలవిస్తాడు" అన్నాను. ఈ సంగతి ఫోనులో చెబితే సంఘం మిత్రులు ఇద్దరు గట్టిగానే తిట్టారు. తిట్టదగిన పనే, కాదనను. కానీ వాళ్ళు తిట్టిన కారణం వేరు, నేను తిట్లు తినవలసిన కారణం వేరు.

ముందు జరిగింది చెబుతాను.

సూరత్‌లో డిండోలి పక్కన నవాగామ్ అనే ప్రాంతం ఉంది. పేరుకి గామ్, అంటే ఊరు. ఇప్పుడు అంతా నగరమే. ఉధనా, లింబాయత్ వైపు సాంచాల్లో పని చేసేవాళ్ళు చాలామంది ఇక్కడే గదులు తీసుకుని ఉంటారు. ఖాందేశ్ మరాఠీలు, ఒడిశా వాళ్ళు, ఉత్తరప్రదేశ్ వాళ్ళు, వాళ్ళతో పాటు తెలంగాణ జిల్లాల నుంచి రెండు మూడు తరాల క్రితం వచ్చిన మన పద్మశాలీలు. సూరత్ మునిసిపాలిటీ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతుందంటే మనవాళ్ళ సంఖ్య ఊహించుకోవచ్చు. నా భార్య పుట్టింటివాళ్ళు ఇక్కడివాళ్ళే కాబట్టి, రిటైరయ్యాక మేమూ ఇక్కడే ఇల్లు తీసుకున్నాం. సాంచాలు నడిచే షెడ్డుని ఇక్కడ "ఖాతా" అంటారు. నా ఉద్యోగమంతా రక్షణశాఖ లెక్కల్లో గడిచింది. ఖాతా అంటే నాకు పుస్తకమే తెలుసు. పగలూ రాత్రీ చెవులు చిల్లులు పడేలా మోత మోగే ఖాతా ఉంటుందని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

మా బావమరిదికి యాభై దాటాయి. పన్నెండు గంటల పాళీ, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. కూలి మీటరు లెక్క. ఇరవై రెండు అంగుళాల పాత సైకిలు మీద ఇంటి నుంచి ఖాతాకి, ఖాతా నుంచి ఇంటికి వెళతాడు. ఈ దారి ఎన్ని వేలసార్లు తొక్కాడో తెలియదు గానీ, ఆ సైకిలు మీద ఇంకెక్కడికీ వెళ్ళలేదు. ఒకరోజు నేను డిండోలి గురించి మాట్లాడుతూ, 1930 ఏప్రిల్ 2న గాంధీ ఉప్పు యాత్రలో ఇక్కడ ఆగాడనీ, ఇక్కణ్ణుంచి వాంజ్, ధామణ్, నవసారి, విజల్‌పోర్, కరాడీ మీదుగా 5న దాండీ చేరాడనీ చెప్పాను. "ఇంత దగ్గరనా బావా? ముప్పై ఏండ్ల సంది ఈడనే ఉన్న, నాకు తెల్వదు" అన్నాడు. మన ఇంటి నుంచి యాభై కిలోమీటర్ల లోపే, సైకిలు మీద పోయి రావచ్చు అన్నాను. అతని ముఖం చూశాక నాకూ ఉత్సాహం వచ్చింది. శనివారం వెళ్ళి ఆదివారం రావాలని అనుకున్నాం.

సేఠ్‌ని సెలవడిగాడు. నిజమే చెప్పాడు, "మా బావతోని సైకిల్ మీద దాండీ చూసొస్త" అని. సేఠ్ నవ్వాడట. పక్కనున్న మేస్త్రీని పిలిచి చెప్పి మరీ నవ్వాడట. సీజనులో సాంచాలు ఎవడు నడుపుతాడు, తిరగాలనిపిస్తే దీపావళికి తిరుగు అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, అది ముందే చెప్పాలి. కూలి ఎగ్గొట్టడు, పిల్ల పెళ్ళికి అప్పిచ్చాడు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. కారీగర్ అనేవాడు ఊరికే చూడటానికి ఎందుకు పోతాడు?

అప్పుడు నేను ఆ సలహా ఇచ్చాను. మర్నాడు మళ్ళీ వెళ్ళి, ఉనాయి మాతకు మొక్కుంది, సైకిలు మీద వస్తానని మొక్కుకున్నాను అని చెప్పాడు. ఈసారి నవ్వు లేదు. బదిలీ మనిషిని తనే చూసుకుంటానన్నాడు. రెండు రోజుల సెలవు ఇచ్చి, జేబులోంచి నూట ఒక్క రూపాయి తీసి "నా పేరు మీద హుండీలో వెయ్యి" అని చేతిలో పెట్టాడు.

ఫిబ్రవరి నెల, శనివారం తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాం. అతనిది గేర్లు లేని సైకిలు, నాది ఎవరో వాడి అమ్మేసిన ఆరు గేర్లది. దాన్ని చూసి అతను నవ్వాడు. "మిషిని తొక్కుతుందా, నువ్వు తొక్కుతున్నవా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. జవాబు మధ్యాహ్నం దాండీ దారిలో సముద్రపు గాలి చెప్పింది. ఏరు కూడలి దాటాక ఎదురుగాలి మొదలైంది. నేను గేరు తగ్గించి మెల్లగా పోతున్నాను, అతను సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతున్నాడు. కాసేపటికి దిగి నెట్టడం మొదలుపెట్టాడు. అప్పుడు సైకిళ్ళు మార్చుకున్నాం, కొంతదూరం అతను గేర్లది, కొంతదూరం నేను.

ఈ వాదన కొత్తది కాదు. సైకిలు మీద ఊళ్ళు తిరగడానికి పేరుపడ్డ దేశం ఫ్రాన్సు. ఆ అలవాటుకి ఆద్యుడని చెప్పే పాల్ ద వివీ, అందరూ వెలోసియో అని పిలిచే పెద్దమనిషి (1853-1930), సెంట్ ఎతియెన్ పట్నంలో ఉండి ఒక సైకిలు పత్రిక నడిపాడు. మాంసం ముట్టడు. గేర్లు ఉండాలని జీవితమంతా వాదించాడు. గేర్లు వాడటం మగతనం కాదనేవాళ్ళు అప్పుడు ఎక్కువ. 1902లో అక్కడి టూరింగ్ క్లబ్బు ఒక పరీక్ష పెట్టింది. కొండదారుల్లో ఒకవైపు ఫిషేర్ అనే వృత్తి పందెగాడు గేర్లు లేని సైకిలు మీద, మరోవైపు మార్త్ ఎస్ అనే స్త్రీ మూడు గేర్ల సైకిలు మీద. ఆమె గెలిచింది. దాంతో వాదన ముగియాలి కదా? ముగియలేదు. తర్వాతి ఏడు తూర్ ద ఫ్రాన్స్ పందెం మొదలుపెట్టిన దెగ్రాంజ్, గేర్లు నలభై ఐదేళ్ళు దాటినవాళ్ళకే అని తేల్చేశాడు. ఆ పందెంలో గొలుసు మార్చే గేర్లు 1937 దాకా రానివ్వలేదు. కళ్ళ ముందు పరీక్ష జరిగాక కూడా ముప్పై ఐదేళ్ళు. మూఢనమ్మకం గుళ్ళోనే ఉంటుందనుకునే మన మిత్రులకి ఈ కథ చెబుతుంటాను.

మరో సంగతి కూడా చెప్పాలి. ఫ్రెంచివాళ్ళు అంటే మతాన్ని ప్రభుత్వం నుంచి వేరుచేసినవాళ్ళు, మనకు ఆదర్శం అనుకుంటాం. నైరుతి ఫ్రాన్సులో సైకిలు తొక్కేవాళ్ళ కోసం ప్రత్యేకంగా మేరీమాత గుడి ఉంది. 1959లో పోపు ఆమోదించాడు. లోపల పందెగాళ్ళ చొక్కాలు, సైకిళ్ళు వేలాడుతుంటాయి. వెలోసియో పేరు మీద ఏటా కొండెక్కే ఉత్సవం కూడా ఉంది. దేవుడు ఎక్కడైనా వెనక కారియరు మీద ఎక్కి కూర్చుంటాడు.

దారి గురించి. డిండోలి దాటిన కొంతసేపటికి చెరుకు తోటలు మొదలయ్యాయి. కోతలు జరుగుతున్నాయి. డాంగ్ నుంచి, ఖాందేశ్ నుంచి వచ్చిన కూలీలు రోడ్డు పక్క గుడిసెలు వేసుకుని ఉన్నారు. తెల్లారకముందే ఆడవాళ్ళు కూడా కత్తులు పట్టుకుని పొలంలో ఉన్నారు. ప్రయాణ పుస్తకాల్లో పల్లె అందం అంటారే, అదంతా మేం చూశాం. మంచు పట్టిన చెరుకాకు, పూర్ణా నది మీద పొగలాగా లేచే తెల్లటి ఆవిరి, నవసారి దగ్గర సపోటా తోటలు. కానీ నా పక్కనున్నవాడు సాంచాలు నడిపేవాడు. అతను ఆకు చూడలేదు, కూలీలనే చూశాడు. "వీళ్ళది గుత్త లెక్కనా, టన్ను లెక్కనా బావా?" అని అడిగాడు. ఆగి వాళ్ళనే అడిగి తెలుసుకున్నాడు కూడా. టన్ను లెక్కట.

వాంజ్ దగ్గర టీ కొట్టులో ఇద్దరు ముసలివాళ్ళం సైకిళ్ళు ఆపేసరికి కొట్టువాడు అడిగాడు, "మానతా ఛే?" అని. మానతా అంటే గుజరాతీలో మొక్కు. కాదు, దాండీ చూడటానికి అన్నాను. పిచ్చివాళ్ళను చూసినట్టు చూశాడు. "బండి లేదా?" అన్నాడు. రెండు టీలకి డబ్బులు తీసుకున్నాడు. అది న్యాయమే. ధామణ్ దాటాక ఇంకో కొట్టు. ఇక్కడా అదే ప్రశ్న. నేను నోరు తెరవకముందే బావమరిది "హా, మానతా" అన్నాడు. కొట్టువాడు కుర్చీలు తుడిచి వేశాడు, టీకి తోడు బిస్కట్లు ఇచ్చాడు, డబ్బులు ఇస్తే చేతులు జోడించాడు.

భాద్రపద పౌర్ణమికి గుజరాత్ నలుమూలల నుంచి అంబాజీకి నడిచి వెళ్ళేవాళ్ళ కోసం దారి పొడవునా సేవా శిబిరాలు వెలుస్తాయి. తిండి, మంచినీళ్ళు, పడుకోవడానికి చోటు, కాళ్ళకి మందు, అన్నీ ఉచితం. మన శబరిమల, తిరుపతి కాలినడక దారుల్లోనూ ఇంతే. దీన్ని మనం మూఢభక్తి అని రాసేసి చేతులు దులుపుకుంటాం. నేనూ రాశాను, ఇదే సంఘం పత్రికలో. ఇప్పుడు మాత్రం లెక్క వేరేగా కనిపిస్తోంది. పేదవాడు ఇల్లు దాటి నాలుగు రోజులు తిరగాలంటే నాలుగు కావాలి. యజమాని సెలవు, దారిలో తిండి, రాత్రికి చోటు, ఇంట్లోవాళ్ళ ఒప్పుదల. ఈ నాలుగూ ఒక్క మాటతో దొరికేది మొక్కు అంటేనే. ఇంకే మాటకీ దొరకవు. దేవుడు లేడు, సరే. కానీ దేవుడి పేరు మీద దొరికే సెలవు ఉందే, అది నిజం. దాన్ని మనం ఇంకే పేరు మీదా ఇవ్వడం లేదు.

ఇక ఫ్రాన్సు సంగతికి మళ్ళీ వస్తాను. అక్కడి పల్లెల్లో సైకిలు యాత్రలు ఇంతగా పెరగడానికి దారులు బాగుండటం, ద్రాక్ష తోటలు ఉండటం కారణం అనుకునేవాణ్ణి. వెలోసియో కాలంలో తిరిగింది తీరిక ఉన్న కొద్దిమందే. కార్మికులు తిరగడం పెద్ద ఎత్తున మొదలైంది 1936 వేసవిలో. ఆ ఏడు జూన్‌లో ఫ్యాక్టరీలు స్తంభించిపోయేంత సమ్మెలు జరిగాయి. లియోన్ బ్లూమ్ ప్రభుత్వం ఏడాదికి రెండు వారాలు జీతంతో సెలవు, వారానికి 40 గంటల పని అని చట్టాలు చేసింది. తీరిక వ్యవహారాలకని లేయో లాగ్రాంజ్ అనే యువకుణ్ణి నియమించి, రైలు చార్జీల్లో రాయితీ ఇప్పించింది. ఆ ఆగస్టులో సైకిళ్ళ మీద, ఇద్దరు తొక్కే సైకిళ్ళ మీద, ఎన్నడూ సముద్రం చూడని కార్మికులు ఊళ్ళు దాటి పోయారు. ఆ పూట వాళ్ళని ఏ మాత మొక్కు అని ఎవరూ అడిగి ఉండరు. జీతం మాత్రం ఇంటికి వచ్చింది.

మన సంగతి. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పని చేసినవాడికి ప్రతి 20 రోజులకి ఒక రోజు జీతంతో సెలవు. 2020లో చేసిన కోడ్ ఆ 240 రోజుల షరతుని 180కి తగ్గించింది. 300 రోజులు పని చేశాడనుకుందాం. 20తో భాగిస్తే 15 రోజులు. అంటే ఫ్రాన్సు 1936లో ఇచ్చినంతే, మనం పన్నెండేళ్ళ తర్వాత కాగితం మీద ఇచ్చేశాం. చాలా గొప్ప. ఇప్పుడు మా బావమరిది లెక్క తీద్దాం. ముప్పై ఏళ్ళు, ఏడాదికి పదిహేను, మొత్తం 450 రోజులు. అతను తీసుకున్నది ఎంత? సున్నా. అతని పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. ఒకే షెడ్డులోని సాంచాల్ని రెండు మూడు పేర్ల మీద చిన్న చిన్నవిగా విడదీసి చూపిస్తే ఫ్యాక్టరీ అన్నమాటే రాదు. దుకాణం కింద నమోదవుతుంది. ఆడిట్‌లో ఇలాంటి విడదీతలు నేను చాలా చూశాను. టెండరు పిలవకుండా ఉండటానికి కొనుగోలుని ముక్కలు చేసేవాళ్ళు. ఆ ముక్కలు పట్టుకుని అభ్యంతరం రాసేవాణ్ణి. ఈ ముక్కలకు అభ్యంతరం రాసేవాడు ఎవడూ లేడు.

నా సంగతీ చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. ప్రభుత్వ ఉద్యోగికి దేశంలో ఎక్కడికైనా వెళ్ళి రావడానికి నాలుగేళ్ళకొకసారి ఎల్.టి.సి. ఉంది. నేను వాడుకున్నాను. రెండుసార్లు నా భార్య కోరిక మీద తిరుపతి. ఆమె ఆస్తికురాలు, నేను బయట కూర్చుని పేపరు చదువుకున్నాను. ఒకసారి అండమాన్. ఎందుకు వెళ్తున్నావని ఏ అధికారీ నన్ను అడగలేదు, టిక్కెట్లు అడిగారు, అంతే. నా నాస్తికత్వానికి ఎప్పుడూ ఒక్క రోజు జీతం కూడా పోలేదు. జీతంతో సెలవు ఉన్నవాడికి దేవుడు లేడనడం తేలిక. (సరదాగా ఒక మాట. ఆఫీసు పని మీద సైకిలు మీద వెళ్ళినా, నడిచి వెళ్ళినా కిలోమీటరుకి ఇంత అని టి.ఎ. రూల్స్‌లో రేటు ఉండేది. ఇన్నేళ్ళలో అటువంటి బిల్లు ఒక్కటి కూడా నా టేబులు మీదకి రాలేదు.)

దాండీలో 2019 జనవరి 30న ప్రారంభించిన స్మారకం ఉంది. గాంధీ వెనక యాత్రికుల విగ్రహాలు నడుస్తుంటాయి. గాంధీతో బయలుదేరిన 78 మందిలో ఆంధ్ర నుంచి ఒక్కరే, ఎర్నేని సుబ్రహ్మణ్యం. బావమరిది విగ్రహాలన్నీ చూసి, "వీళ్ళందరూ ఇరవై నాలుగు రోజులు నడిసిండ్రు గదా, వీళ్ళ ఇండ్లు ఎట్ల గడిసినయి?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. బదులు భాట్‌గామ్ కథ చెప్పాను. 1930 మార్చి 29న సూరత్ జిల్లాలోని ఆ ఊళ్ళో గాంధీ తన వాళ్ళనే నిలదీశాడు. యాత్రికుల కోసం సూరత్ నుంచి లారీలో పాలు తెప్పించారట, రాత్రి వెలుగు కోసం బరువైన కిట్సన్ దీపాలు కూలీల నెత్తిన పెట్టి పరుగెత్తించారట. వైస్రాయి జీతాన్ని విమర్శించే మనం పేదల సొమ్ము ఇలా వాడితే ఎలా అని అడిగాడు. గాంధీ దైవభక్తితో నాకు పేచీ ఉంది గానీ, ఈ ఆడిట్ రిపోర్టుతో లేదు. దీపం మోసిన కూలీ ఆ విగ్రహాల్లో లేడు. అతను నవాగామ్ వంటి చోటే ఎక్కడో ఉంటాడు.

సాయంత్రం సముద్రపు ఒడ్డున నల్లటి ఇసుక మీద కూర్చున్నాం. అతను చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మోత లేదు" అన్నాడు. నాకు అలల మోత బాగానే వినిపిస్తోంది. ముప్పై ఏళ్ళు సాంచాల మధ్య ఉన్న చెవికి అది మోత కాదు కాబోలు.

ఇక మిత్రుల అభ్యంతరాలు. ఒకాయన అన్నాడు, "అబద్ధం చెప్పించి మూఢనమ్మకానికి బలం చేకూర్చావు" అని. ఒప్పుకుంటున్నాను. ఆ సేఠ్, ఆ టీ కొట్టువాడు మొక్కు శక్తిని ఇంకొంచెం నమ్మి ఉంటారు. కానీ అయ్యా, నిజం చెప్పి సెలవడిగినప్పుడు ఆ సేఠ్ నవ్వాడే, ఆ నవ్వు మీద మన సంఘం ఎప్పుడైనా ఒక వ్యాసం వేసిందా? రెండో ఆయన అన్నాడు, "సెలవులు కార్మిక సంఘాల పని, హేతువాదుల పని కాదు" అని. అలాగైతే బాణామతి పోలీసుల పని, దొంగబాబాలు కోర్టుల పని. మనకి మిగిలే పని ఏమిటి, హాలు అద్దెకు తీసుకుని మనలో మనం చప్పట్లు కొట్టుకోవడమా?

నాది ఒకటే ప్రతిపాదన, చిన్నది. ప్రతి జిల్లా సంఘం ఏడాదికి ఒక సభ తగ్గించుకోవాలి. ఆ హాలు అద్దె, ఫ్లెక్సీలు, శాలువాల ఖర్చు పక్కన పెట్టి బదిలీ నిధి అని ఒకటి పెట్టాలి. మగ్గం మీదో, హోటల్లోనో, ఇటుక బట్టీలోనో పని చేసేవాళ్ళు కొందరికి రెండు రోజుల కూలి మనం కట్టాలి. వాళ్ళతో పాటు సైకిళ్ళ మీద వంద కిలోమీటర్లు వెళ్ళి రావాలి. ఉపన్యాసాలు వద్దు. ఎందుకు వెళ్తున్నారని దారిలో ఎవరైనా అడిగితే, చూడటానికి అని చెబితే చాలు. అలా చెప్పేవాళ్ళు పదిమంది ఉంటే టీ కొట్టువాడికి ఆ జవాబు అలవాటవుతుంది. ఇక్కడ ఆదివారం పొద్దున డుమ్మస్ రోడ్డు మీద ఖరీదైన సైకిళ్ళ మీద టోపీలు పెట్టుకుని పోయేవాళ్ళున్నారు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాలనే ఫ్రెంచి పద్ధతి యాత్రలు కూడా మన దేశంలో జరుగుతున్నాయి, మంచిదే. వాళ్ళకి నా లెక్కలతో అవసరం లేదు, వాళ్ళకి ఆదివారం ఉంది.

ఖర్చు తక్కువే, కానీ అడ్డంకి ఒకటుంది. కూలి మనం కట్టినా, మనిషి కావాలన్నప్పుడు యజమాని వదలాలి. మొక్కు అనకుండా వదలాలి. అది మన నిధితో కొనలేం. దీనికి నా దగ్గర ఉపాయం లేదు, ఎవరికైనా తోస్తే రాయండి.

సోమవారం ఖాతాలో సేఠ్ ప్రసాదం అడిగాడు. నవసారి బజార్లో పిల్లల కోసం కొన్న పేడాలు ఇచ్చాడు మావాడు. ఆయన కళ్ళకద్దుకుని తిన్నాడట. ఆ పూట ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు. "ఆయన మంచిగ చూసిండు బావా, నాకు సిగ్గయింది" అన్నాడు. నాకు ఇంకా ఎక్కువ సిగ్గయింది, ఎందుకంటే ఆ సలహా నాది, పోయేది అతని పని.

ఇక ఆ నూట ఒక్క రూపాయి. ఒక పద్దు కింద ఇచ్చిన డబ్బు ఇంకో పద్దు కింద ఖర్చు పెట్టకూడదని నేను ఎందరికో మెమోలు ఇచ్చాను. తిరిగి ఇవ్వమంటే, "ఇస్తే అడుగుతడు గదా, ఏం చెప్పాలె?" అంటాడు. హుండీలో వెయ్యడానికి నా మనసు ఒప్పదు. ఎప్పుడైనా నిజంగా ఉనాయి పోదాం, వేడినీళ్ళ గుండాలు చూసినట్టుంటుంది, ఆయన డబ్బు ఆయన చెప్పిన చోట వేసినట్టుంటుంది అని మావాడి ఆలోచన. దానికి మళ్ళీ రెండు రోజుల సెలవు కావాలి. ఏ పద్దుకి చెందుతుందో తేలని సొమ్ముని మా డిపార్టుమెంటులో సస్పెన్స్ హెడ్డులో ఉంచేవాళ్ళం. అది ప్రస్తుతం కవరులో, పైన తేదీ రాసి, నా బీరువాలో ఉంది.